పిల్లలు అడిగినప్పుడు

(కుటుంబ సహవాస కూటములో చేసిన ప్రసంగ పాఠము)



మన అధ్యక్ష మండలమునకు నూరు సంవత్సరములు నిండిన ఈ సమయమున, పిల్లలకు గతమును ఏలాగు చెప్పవలెనను విషయమును మీ ముందుంచవలెనని మేము తలంచితిమి. యూదుల చరిత్రను, ఆచార వ్యవహారములను చూపు మ్యూజియములు అనేక దేశములలో ఉన్నవి. వాటిలో పెక్కింటియందు కుటుంబ దినములను పేరుతో ప్రత్యేకమైన రోజులు జరుపుదురు. ఆ రోజున పిల్లలు తలిదండ్రులతో కలిసివచ్చి, చూచి, చేతులతో పనిచేసి, పాడి, ఆడి వెళ్లుదురు. పైకి ఇది చిన్న సంగతివలె కనబడును. కాని ఘోరమైన శ్రమలనుభవించిన ఒక జనాంగము ఆ కథను చిన్నపిల్లలకు ఎక్కడ మొదలుపెట్టి చెప్పవలెనన్న పెద్ద ప్రశ్న దీనిలో ఇమిడియున్నది.

యెహోషువ గ్రంథము నాలుగవ అధ్యాయము మీరెరిగినదే. ఇశ్రాయేలీయులు యొర్దాను దాటిన పిమ్మట, నది నడుమనుండి పండ్రెండు రాళ్లు తెచ్చి గిల్గాలులో నిలువబెట్టిరి. రాబోవు కాలమున పిల్లలు వాటిని చూచి, ఇవి ఏమిటని తండ్రులనడుగుటకే ఆ ఏర్పాటు. పస్కా రాత్రియందును అంతే. బల్లయొద్ద కూర్చున్నవారిలో మిక్కిలి చిన్నవాడు ఆ రాత్రి విశేషమేమని అడుగును; పెద్దలు ఐగుప్తునుండి విడుదలైన కథ చెప్పుదురు. ఇంట పిల్లలు లేకున్నను ఎవరో ఒకరు ఆ ప్రశ్న అడిగి తీరవలెను. మేము చెప్పబోవు మ్యూజియము పనికి మూలము ఈ పాత అలవాటులోనే ఉన్నది.

పోలండు దేశపు రాజధాని వార్సాలో పోలిన్ అను మ్యూజియము కలదు. పోలండు యూదుల వెయ్యి సంవత్సరముల చరిత్రను అది చెప్పును. 2013 ఏప్రిలులో భవనము తెరవబడెను. 2014 అక్టోబరులో ప్రధాన ప్రదర్శన ప్రారంభమాయెను. పోలిన్ అను మాటకు హెబ్రీ భాషలో 'ఇచ్చట బసచేయుము' అను అర్థము చెప్పుదురు. పడమటి దేశములనుండి తరుమబడి వచ్చిన యూదులు ఈ దేశము చేరినప్పుడు ఆ మాట విని ఇక్కడ నిలిచిరని వారి పాత కథ. భవనము లోపలికి అడుగుపెట్టగానే ఇరుప్రక్కల ఎత్తైన గోడలు అలలవలె వంగి, నడుమ దారి విడిచినట్లుండును. చూచినవారికి ఎర్ర సముద్రము పాయలైన సంగతి జ్ఞాపకము వచ్చును.

ఈ మ్యూజియము నిలిచియున్న నేల సామాన్యమైనది కాదు. 1940 నవంబరులో నాజీలు వార్సా యూదులను గోడలలో మూసివేసిన గెట్టో అను ప్రాంతములోనిదే ఈ స్థలము. నాలుగు లక్షలకు పైగా జనము అందులో కిక్కిరిసి బ్రతికిరి. 1942 వేసవిలో రెండున్నర లక్షలకు పైగా జనమును రైళ్లలో ట్రెబ్లింకా అను మరణశిబిరమునకు తరలించిరి. 1943 ఏప్రిల్ 19న మిగిలిన యౌవనస్థులు తిరుగబడిరి. నాజీలు ఆ ప్రాంతమునంతయు కాల్చి, కూల్చి, రాళ్లకుప్ప చేసిరి. యుద్ధమునకు ముందు పోలండులో సుమారు 33 లక్షలమంది యూదులుండగా, వారిలో సుమారు 30 లక్షలమంది చంపబడిరి.

ఇట్టి నేలమీద పిల్లలను ఆడనిచ్చుట తగునా? ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. సమాధుల ప్రక్కన నవ్వులేల అని అడుగువారు కఠినులు కారు, దుఃఖమెరిగినవారు. యెరూషలేములోని యాద్ వషేమ్ స్మారకసంస్థవారు తమ చరిత్ర మ్యూజియములోనికి పది సంవత్సరముల లోపు పిల్లలను రానియ్యరు. అదియు తెలివైన నియమమే. పసివాని మనస్సు శవముల గుట్టను మోయలేదు. భయము పాఠము చెప్పదు. నిద్ర చెరచును, లేదా మనస్సును మొద్దుబార్చును. అట్లని ఏమియు చెప్పక ఊరకుందుమా? ఇంటివారు చెప్పనిది బయటివారు తప్పుగా చెప్పుదురు.

పోలిన్ వారు ఎన్నుకొనిన మార్గమిది. వారి ప్రధాన ప్రదర్శనలో ఎనిమిది విభాగములుండగా, సంహారమునకు కేటాయించినది ఒక్కటే. మిగిలినవన్నియు బ్రదుకును గూర్చినవి: వర్తకము, చదువు, ముద్రణ, ప్రార్థన, వీధి, రాజకీయము. ఒక చోట 17వ శతాబ్దపు కొయ్య సమాజమందిరము పైకప్పు తిరిగి కట్టబడి రంగులతో మెరయుచుండును. గ్వోజ్జెట్స్ అను ఊరిలో ఉండి నశించిపోయిన మందిరమునకు అది ప్రతిరూపము. అసలు కొలతలో నూటికి 85 వంతులు. పూర్వపు వడ్రంగులు వాడిన పనిముట్లనే వాడి, అనేక దేశములనుండి వచ్చిన స్వచ్ఛంద సేవకులు దానిని చేసిరి. దానినిండ సింహములు, జింకలు, పక్షులు, ద్వాదశ రాశుల బొమ్మలు. ఏడేండ్ల పిల్లవాడు తల పైకెత్తి ఆ జంతువులను లెక్కించుచు, ఇవి ఎవరు వేసిరని అడుగును. గిల్గాలు రాళ్లు చేసిన పనిని ఆ పైకప్పు చేయుచున్నది.

చిన్నపిల్లలున్న కుటుంబములకు అక్కడ ప్రత్యేకముగా ఒక చోటు ఏర్పరచిరి. దానికి మాచ్యూష్ రాజు పేరు పెట్టిరి. మాచ్యూష్ ఒక పిల్లల నవలలోని బాలరాజు. తండ్రి మరణించగా పసితనముననే సింహాసనమెక్కి, పిల్లలకొరకు పార్లమెంటు పెట్టినవాడు. ఆ నవల వ్రాసినవాడు యానుష్ కోర్చాక్ అను యూదు వైద్యుడు. ఆయన 1912నుండి వార్సాలో యూదు అనాథబాలల గృహమును నడిపెను. అందులో పిల్లలే న్యాయసభ జరుపుకొనుచుండిరి. తప్పుచేసినయెడల ఉపాధ్యాయునిమీదను, ఆయనమీదను ఫిర్యాదు చేయవచ్చును. 1926లో పిల్లలే వ్రాయు వార్తాపత్రికను ఆయన స్థాపించెను. పిల్లవాడు రేపటి మనుష్యుడు మాత్రమే కాడు, ఈనాడే మనుష్యుడని ఆయన నమ్మకము.

గెట్టో గోడలలోనికి ఆ గృహమును కూడ త్రోసిరి. ఆకలి, టైఫస్ జ్వరము చుట్టుముట్టిన ఆ దినములలో, 1942 జూలై 18న, ఆ పిల్లలు ఒక నాటకమాడిరి. అది మన రవీంద్రనాథ టాగూరు వ్రాసిన డాక్‌ఘర్ అను నాటకము. జబ్బుపడి గది విడిచి వెళ్లలేని అమల్ అను బాలుడు కిటికీయొద్ద కూర్చుండి, రాజుగారియొద్దనుండి ఉత్తరము వచ్చునని ఎదురుచూచు కథ. గదిలో బంధింపబడిన బాలుని కథను గోడలలో బంధింపబడిన బాలలు ఆడిరి. నాలుగు దినములకు, జూలై 22న, రైళ్లు మొదలాయెను. ఆగస్టు మొదటివారములో సుమారు రెండువందలమంది పిల్లలతోను, తన సహకారిణి స్తెఫానియా విల్చిన్స్కాతోను, ఇతర సిబ్బందితోను కోర్చాక్ రైలెక్కెను. తప్పించుకొను అవకాశము చూపినను ఆయన పిల్లలను విడువలేదు. ఎవరును తిరిగిరాలేదు.

ఇప్పుడు ఆ గది పేరు మరల తలంచుకొనుడి. లోపల ఆడుకొను నాలుగేండ్ల పిల్లకు ట్రెబ్లింకా సంగతి ఎవరును చెప్పరు. ఆమెకు మాచ్యూష్ ఒక రాజు, అంతే. పదేండ్లకు నవల చదువును. పదిహేనేండ్లకు దానిని వ్రాసినవాడు ఏమాయెనని అడుగును. అప్పుడు ఆమె వినునది లెక్కలలోని మృతులను గూర్చి కాదు, తాను చిన్ననాట ఆడుకొనిన ఇంటి యజమానిని గూర్చి. మేము ఈ దినమున చెప్పదలచినది ఇదియే: ఒక జనము ఏలాగు చచ్చెనో పిల్లలకు చెప్పకమునుపు, ఏలాగు బ్రదికెనో చూపవలెను. ఎవరు పోయిరో తెలియనివానికి ఎందరు పోయిరని చెప్పినను ప్రయోజనమేమి?

ఇట్టి మ్యూజియములలో కుటుంబ దినమున జరుగు పనులు చాల సామాన్యమైనవి. సబ్బాతు సాయంకాలమున బల్లమీద పెట్టు రొట్టెకు పిండిని జడవలె అల్లుట నేర్పుదురు. హనుక్కా పండుగ దినములలో నాలుగు ముఖములుగల బొంగరము త్రిప్పుదురు. నాలుగు ముఖములమీద నాలుగు హెబ్రీ అక్షరములుండును, వాటి వెనుక మక్కబీయుల కాలపు అద్భుత కథ ఉండును. పూరీము పండుగకు ముసుగులు, గిలకలు చేసికొందురు. ఎస్తేరు గ్రంథము చదువునప్పుడు హామాను పేరు వినబడగానే పిల్లలు గిలకలు త్రిప్పి గోల చేయుదురు. పెద్దలు కసరరు, తామును కలియుదురు. పిండి అంటిన చేయి, తిరిగిన బొంగరము, నవ్విన నవ్వు పిల్లవానికి మరపురావు.

నోవహు ఓడను గూర్చి రెండు చోట్ల గొప్ప ఏర్పాట్లున్నవి. అమెరికాలో లాస్ ఏంజెలిసు నగరపు స్కర్‌బాల్ కేంద్రములో 2007లోను, బెర్లిను యూదు మ్యూజియమువారి అనోహా అను పిల్లల లోకములో 2021లోను ఓడలు తెరవబడెను. రెండింటిలోను జంతువులన్నియు పారవేసిన వస్తువులతో చేసినవే. బెర్లిను ఓడ గుండ్రముగా కొయ్యతో కట్టబడి, పూర్వము పువ్వుల టోకు బజారుగానుండిన శాలలో నిలిచియున్నది. ఒకప్పుడు యూదుల సంహారమునకు ఆజ్ఞలు వెళ్లిన నగరములో, అన్ని జాతుల పిల్లలు కలిసి జంతువులను ఓడలోనికి ఎక్కించుట చిన్న సంగతి కాదు.

పోలిన్ వారు పిల్లలకు దుఃఖమును దాచుటలేదు, దానికి కొలత పెట్టుచున్నారు. గెట్టో తిరుగుబాటు నాయకులలో కడపటివరకు బ్రదికినవాడు మారెక్ ఎడెల్మన్ అను హృద్రోగ వైద్యుడు, 2009లో మరణించెను. ప్రతి ఏప్రిల్ 19న పేరు తెలుపని ఎవరో ఆయనకు పసుపుపచ్చని డాఫడిల్ పువ్వులు పంపుచుండిరి. ఆయన వాటిని తీసికొనివెళ్లి వీరుల స్మారకము నొద్ద ఉంచుచుండెను. 2013నుండి ఆ దినమున పోలిన్ వారు కాగితపు డాఫడిల్ పువ్వులు పంచిపెట్టుచున్నారు. పిల్లలు పసుపు కాగితము మడచి, అంచులు విప్పి, ఎదురురొమ్మున గుచ్చుకొందురు. విప్పిన ఆ పువ్వు, యూదులచేత బలవంతముగా ధరింపజేసిన పసుపు నక్షత్రమువలెనే ఉండును. అవమానపు గురుతుగా కుట్టించినదానినే నేడు పొరుగువారి పిల్లలు గౌరవముతో ధరించుచున్నారు.

పొరుగువారని ఏల అంటిమి? నేటి వార్సాలో యూదులు కొద్దిమందే. పిల్లల చేయి పట్టుకొని వచ్చు స్థానిక తలిదండ్రులలో అనేకులు క్రైస్తవ కుటుంబములవారే. ఈ విషయము మనలను తాకుచున్నది. క్రైస్తవ లోకములో శతాబ్దములపాటు, క్రీస్తు మరణమునకు యూదులందరు దోషులను బోధ సాగెను. దాని నీడలో ఎన్నో వీధులు కాలెను. 1965లో రోమా సంఘపు వాటికన్ మహాసభ ఆ నిందను స్పష్టముగా త్రోసివేసెను. అయినను ప్రకటనలు పెద్దలకు చేరును. పిల్లలకు చేరునది బల్లమీది రొట్టె. మన పిల్లలు యూదులను పరిసయ్యులుగాను, సైనికులు వెంటనున్న గుంపుగాను మాత్రమే నాటకములలో చూచినయెడల, మరియ ఏ బల్లమీద దీపము వెలిగించెనో, యేసు ఏ పస్కాలో ప్రశ్న అడిగి పెరిగెనో వారికెట్లు తెలియును?

దూరదేశము కథ అనుకొనవలదు. కొచ్చిలో 1568లో కట్టబడిన పరదేశి సమాజమందిరము నేటికిని నిలిచియున్నది. కొచ్చిలోని మరియొక మందిరము, కడవుంభాగమునది, దాని లోపలి చెక్కడపు పనితో యెరూషలేములోని ఇశ్రాయేలు మ్యూజియములో నిలువబెట్టబడినది. మన గుంటూరు జిల్లాలోనే చేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెములో బెనే ఎఫ్రాయీము అను తెలుగు కుటుంబములు సబ్బాతును ఆచరించుచున్నవి. మనము గ్రంథములోనివారనుకొనువారు మన తెలుగులోనే పిల్లలకు జోల పాడుచున్నారు.

కాబట్టి ప్రియులారా, ఇంటికి వెళ్లిన తరువాత రెండు పనులు చేయుడని మా మనవి. మొదటిది, యూదుల పండుగను గూర్చి చదువునప్పుడు, అది ఈనాడును ఆచరింపబడుచున్నదని పిల్లలకు చెప్పుడి. వారి పండుగను మనదిగా చేసికొననక్కరలేదు. అతిథివలె గౌరవముతో తెలిసికొనిన చాలును. రెండవది, ఈ శతవార్షిక సంవత్సరమున మీ యింటిలోని ముసలితల్లి పాత పెట్టెను పిల్లల యెదుట తెరువుడి. పగిలిన కండ్లద్దాలు, వెలిసిపోయిన బైబిలు, బాప్తిస్మపు చీటి, ఏదైనను సరే వారి చేతికియ్యుడి. ముట్టుకొనవద్దని కసరకుడి. ఇది ఎవరిదని వారడుగుదురు. అప్పుడు ఆ మనిషి ఏలాగు నవ్వునో, ఏమి వండునో, ఏ పాట పాడునో ముందుగా చెప్పుడి. కష్టములు, కరవులు, చావులు వారి యీడునుబట్టి తరువాత చెప్పవచ్చును.

దేవుడు మన కుటుంబములను దీవించును గాక. ఆమేన్.