ఆగి పనిచేసే బండి: హైబ్రిడ్ లారీకి బాడీ కట్టడం



కోల్‌కతాలో ఖిదిర్‌పూర్ రేవులకు దగ్గరగా ఏక్‌బాల్‌పూర్ అనే పేట ఉంది. ఇరుకు సందులు, ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్లు. ఈ పరిసరాలకు విద్యుత్తుతో పాత చుట్టరికమే ఉంది. 1902 మార్చి 27న కలకత్తా తొలి విద్యుత్ ట్రామ్ ఎస్ప్లనేడ్ నుంచి బయలుదేరి వచ్చింది ఖిదిర్‌పూర్‌కే. 2020 మే 20న అంఫన్ తుఫాను నగరంలో వేల చెట్లను కూల్చింది. ఆ ట్రామ్ మార్గం అప్పుడే ఆగిపోయింది. చాలా పేటల్లో రోజుల తరబడి కరెంటు లేదు. చెట్లు తొలగించడానికి సైన్యాన్ని కూడా దించారు.

అలాంటి రోజుల్లో సందులోకి వచ్చే ఒక లారీని గురించి ఈరోజు మాట్లాడుకుందాం. దాని వీపు మీద మడతపడే పొడవాటి చెయ్యి, ఆ చేతి చివర ఒక తొట్టి, తొట్టిలో లైన్‌మన్ ఉంటాడు. ఈ బండి ప్రయాణించేది కొద్దిసేపే, పనిచేసేదంతా ఆగి ఉన్నప్పుడే. అయినా ఇంజన్ మాత్రం ఆగదు. చేతిని ఎత్తే నూనె పంపు ఇంజన్ బలంతోనే తిరుగుతుంది కాబట్టి పైన మనిషి ఉన్నంతసేపూ కింద డీజిల్ మండుతూనే ఉంటుంది. ఆ పొగ ఎదురింటి కిటికీలోకి పోతుంది. ఆ చప్పుడులో పైనున్నవాడి కేక కిందివాడికి వినబడదు. కరెంటు తీగల దగ్గర ఒక మాట వినబడకపోతే ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు.

ఒక చిన్న లెక్క వేద్దాం. తొట్టి, మనిషి, పనిముట్లు, చెయ్యి అన్నీ కలిపి 500 కిలోలను 10 మీటర్లు ఎత్తామనుకోండి. గురుత్వ త్వరణం సుమారు 10 కాబట్టి, కావలసిన శక్తి 50,000 జౌళ్లు. లీటరు డీజిల్‌లో సుమారు 3 కోట్ల 60 లక్షల జౌళ్లు ఉంటాయి. అంటే ఒకసారి ఎత్తడానికి సరిపడే శక్తి ఒకటిన్నర మిల్లీలీటరు డీజిల్‌లోనే ఉంది. టీ చెంచాలో మూడోవంతు కూడా కాదు! రోజుకు 20 సార్లు ఎత్తినా, పంపులోనూ గొట్టాల్లోనూ పోయే నష్టాలకు మూడు రెట్లు వేసుకున్నా, అయ్యేది 30 లక్షల జౌళ్లు. మన ఇంటి మీటరు భాషలో ఒక యూనిట్ కన్నా తక్కువ. నిలబడిన ఇంజన్ గంటకు 2 లీటర్లు తాగుతుందనుకుంటే నాలుగు గంటలకు 8 లీటర్లు. అందులో ఉన్న శక్తి దాదాపు 29 కోట్ల జౌళ్లు. తేడా మీరే చూడండి.

ఈ తేడాను పట్టుకునే అమెరికాలో విద్యుత్ సంస్థలు కొన్ని ఒక్కటై 2000ల మధ్యకాలంలో 24 హైబ్రిడ్ లారీలను చేయించుకుని పరీక్షించాయి. బండి ఇంటర్నేషనల్ కంపెనీది, హైబ్రిడ్ యంత్రాంగం ఈటన్ కంపెనీది. దాని మోటారు సామర్థ్యం 44 కిలోవాట్లు. ఇంజన్ ఆపి బ్యాటరీతోనే చేతిని ఎత్తేవారు. బ్యాటరీ తగ్గినప్పుడు ఇంజన్ తనంతట తానే లేచి దాన్ని నింపి మళ్లీ ఆగేది. 2014లో ఈటన్ ఉత్తర అమెరికాలో ఆ అమ్మకాలు మానుకున్నది. కంపెనీ తప్పుకున్నా లెక్క మారలేదు.

ఇక అసలు విషయం బాడీ. మన దేశంలో ఫ్యాక్టరీ నుంచి చాలా లారీలు ఛాసిస్‌గానే వస్తాయి. విజయవాడ ఆటోనగర్ చూసినవారికి తెలుసు, అక్కడ లారీకి రూపం వచ్చేది బాడీ కట్టే షెడ్డులోనే. మామూలు లారీకి కట్టినట్టే హైబ్రిడ్‌కూ కడితే మాత్రం మిగిలిందంతా పోతుంది. బ్యాటరీ, మోటారు, వాటి చల్లదనానికి వేరే ఏర్పాటు, అంతా బరువే. 2018 జూలైలో పెంచిన పరిమితుల ప్రకారం రెండు టైర్ల ముందు ఇరుసు మీద 7 టన్నులు, నాలుగు టైర్ల వెనుక ఇరుసు మీద 11.5 టన్నులు దాటకూడదు. కంపెనీ చెప్పిన పరిమితి అంతకన్నా తక్కువైతే అదే లెక్క. కాబట్టి బ్యాటరీ బరువు పెరిగినంత మేరా ఇంకెక్కడో తగ్గించాలి.

ఉక్కుకు బదులు అల్యూమినియం వాడవచ్చు. దాని సాంద్రత ఉక్కులో మూడోవంతు. మరి బాడీ బరువు కూడా మూడోవంతుకు తగ్గాలి కదా? తగ్గదు. దాని బిగువు కూడా ఉక్కులో మూడోవంతే కాబట్టి రేకు మందం పెంచాలి. చివరకు సుమారు సగం మిగులుతుంది. పైగా ఉక్కు ఛాసిస్‌కు అల్యూమినియం నేరుగా తగిలి, నడుమ వాననీరు చేరితే అది చిన్న విద్యుత్ ఘటంలా పనిచేసి అల్యూమినియాన్ని తినేస్తుంది. మధ్యలో రబ్బరు వంటిది పరచాలి.

బ్యాటరీ పెట్టె ఎక్కడ పెట్టాలి? ఇరుసుల మధ్య దూరం 4 మీటర్లనుకోండి. 200 కిలోల పెట్టెను వెనుక ఇరుసుకు మీటరు వెనకగా పెడితే, త్రాసు సూత్రం ప్రకారం వెనుక ఇరుసు మీద 250 కిలోలు పెరుగుతాయి, ముందు ఇరుసు మీద 50 తగ్గుతాయి. ముందు తేలికైతే స్టీరింగు పట్టు సడలుతుంది. సరే, నడుమ కిందగా పెడదామంటే కోల్‌కతాలో వానాకాలం వీధుల్లో నీళ్లు నిలుస్తాయి. పైన పెడితే గురుత్వ కేంద్రం పైకి పోయి, చెయ్యి పక్కకు చాచినప్పుడు బండి ఒరిగే ప్రమాదం పెరుగుతుంది. ఒరగకుండా ఆనించే కాళ్లను వెడల్పుగా చాపుదామంటే ఏక్‌బాల్‌పూర్ సందులో చోటేదీ? నా అభిప్రాయంలో నడుమ, కిందనే పెట్టాలి. అయితే మీటరు లోతు నీటిలో అరగంట మునిగినా నీరు చొరబడని పెట్టె, అంటే ఐపీ 67 తరగతిది, కావాలి. దానికి డబ్బు ఎక్కువైనా సరే.

బ్యాటరీ, ఇంజన్ రెండూ మొండికేస్తే పైనున్న మనిషి దిగడానికి చేతి పంపు ఉండాలి. అది నేల మీదివాడికి అందే ఎత్తులో ఉండాలి. ఇంకో చిక్కు: చప్పుడు లేని బండిని చూసి అది ఆగిపోయిందని పిల్లలు దగ్గరకు వస్తారు. అందుకే చెయ్యి కదులుతున్నంతసేపూ వెలిగే దీపం బాడీకి నాలుగు వైపులా కావాలి. ఇరవై బండ్లు కొంటే ఇరవైంటిలోనూ చేతి తొడుగుల సొరుగు ఒకేచోట ఉండాలి. అర్ధరాత్రి వానలో ఎవరి బండి ఎవరికి వస్తుందో తెలియదు.

ఇవన్నీ నిర్ణయించడానికి కొలతల పుస్తకం ఒక్కటే చాలదు. బాడీకి ఆర్డరు ఇచ్చే ముందు ఇప్పటి బండి వెంట కొన్ని రోజులు తిరగాలి. ఇంజన్ ఎన్ని నిమిషాలు నడిచింది, అందులో చెయ్యి కదిలినవి ఎన్ని, తొట్టి ఎన్నిసార్లు పైకి వెళ్లింది, లైన్‌మన్ ఏ సొరుగు ఎక్కువసార్లు తెరిచాడు అన్నది వరసగా రాసుకోవాలి. బ్యాటరీ ఎంతది కావాలో ఆ కాగితమే చెబుతుంది.