పూలమ్మే చోట ఇంత ప్రచారమెందుకు?



ఆ మధ్య మా పక్కింటి పిన్నిగారు ఫోను పట్టుకుని గబగబా వచ్చారు. "చూడమ్మాయ్, నీలం గులాబీ విత్తనాలట! ఇంక పది పొట్లాలే ఉన్నాయట!" అన్నారు. ఇలాంటి ప్రకటనలు మీరూ చూసే ఉంటారు. పూలవాళ్లకి ఈ హడావిడి ఎందుకొచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా?

పువ్వుకున్న చిక్కల్లా దాని ఆయుష్షే. తెల్లవారుజామున కోసిన మల్లెమొగ్గ సాయంత్రానికి విచ్చుకుంటుంది, మర్నాటికి వాడిపోతుంది. బియ్యంలా బస్తాకెత్తి, ధర పెరిగాక అమ్ముదామంటే కుదరదు. కడియపులంకలోనైనా, హైదరాబాదు గుడిమల్కాపూర్‌లోనైనా ఆ పూట పలికిందే ధర. శ్రావణమాసంలో ఎంతంటే అంతకి కొంటాం. ముహూర్తాలు లేని రోజుల్లో అదే పువ్వుని అడిగే దిక్కుండదు. కూలీ, రవాణా, కమీషను పోగా చిన్న రైతుకి మిగిలేదెంత?

అందుకే నేరుగా మన గుమ్మానికే రావాలని చూస్తున్నారు. పేపర్లో ప్రకటన వేసే స్తోమతు లేదు. ఇన్‌స్టాగ్రాములో వీడియో పెడితే పైసా ఖర్చు లేదు. పువ్వు పార్సిలుకి ఆగదు గనక మొక్కలూ, దుంపలూ అమ్ముతారు. అమెరికాలో చిన్న తోటలవాళ్లు కూడా పూలు లేని చలికాలంలో డాలియా దుంపలు ఇలాగే అమ్ముకుంటారు. ఇందులో తప్పేమీ లేదు.

అయితే చూసేవాళ్లంతా కొనేవాళ్లు కారు కదా! వేలమంది "బాగుంది" అన్నా ఒక్క మూర అమ్ముడుపోకపోవచ్చు. అప్పుడే "ఇవాళే ఆఖరు" అనే మాటలు మొదలవుతాయి. వాటి మాటున దళారులూ దూరతారు. ఒకసారి మోసపోయిన ఇల్లాలు, ఆ తర్వాత నిజాయితీగల రైతునీ నమ్మదు. అసలు నష్టం అదీ!

నీలం గులాబీ సంగతే చూడండి. ప్రకృతిలో అది లేనే లేదు. జపానులో సుంటోరీ కంపెనీవారు జన్యుమార్పిడితో పుట్టించి, 2009లో అమ్మకానికి తెచ్చిన పువ్వు కూడా లేత ఊదారంగే. పైగా గులాబీ గింజ నాటితే తల్లిచెట్టు పువ్వే పూస్తుందన్న నమ్మకం లేదు. అందుకే అంటు కడతారు.

కాబట్టి కొనేముందు అడగండి: అంటుమొక్కా, గింజ మొక్కా? మన ఎండకి తట్టుకుంటుందా? ఇవాళ తీసిన ఫొటో పంపుతారా? ఓపిగ్గా జవాబు చెప్పే తోటని వదులుకోకండి. నాలుగిళ్లవాళ్లు కలిసి శుక్రవారం పూలకి వాడుక పెట్టుకున్నారంటే, ఆ రైతుకి వెయ్యిమంది ఫాలోవర్లకన్నా అదే ఎక్కువ.

అన్నట్టు, పిన్నిగారు ఆ పొట్లం కొనలేదు. దేశవాళీ గులాబీ అంటు తెచ్చి కుండీలో పెట్టారు. నిన్ననే మొగ్గ తొడిగింది.