ఆ కారే ఎందుకంటే



మా వాట్సాప్ గ్రూపులో నా కారు ఫోటో చూసి, "అరవైకి దగ్గరపడి స్పోర్ట్స్ కారేంట్రా" అని అడగనివాడు లేడు. ఆ సంగతే చెప్పమని కమిటీవాళ్లు నాకు పది నిమిషాలిచ్చారు.

నేనుండే దక్షిణ కాలిఫోర్నియాలో శని, ఆదివారాల పొద్దుటిపూట కార్ల కూడికలు జరుగుతాయి. 'కార్స్ అండ్ కాఫీ' అంటారు. పోటీ లేదు, బహుమతి లేదు. ఏదో ఒక పార్కింగ్ స్థలంలో ఏడింటికల్లా కార్లు వరసగా నిలిపి, బానెట్లు ఎత్తి, కాఫీ పట్టుకుని తిరుగుతారు. ఎండ ముదిరేలోపు ఎవరిళ్లకు వాళ్లు. మన సంత లాంటిదే, బేరాలు మాత్రం ఉండవు.

ఉద్యోగం మానేశాక నా ఫోను మోగడం తగ్గిపోయింది. నేను క్లాసులో నోరు విప్పనివాణ్ణని గురువులకు తెలుసు. కొత్తవాళ్లను నేనై పలకరించలేను. అందుకని, వాళ్లే వచ్చి పలకరించే కారు కావాలనుకున్నాను. "ఆ డబ్బుతో ఇంటి పైకప్పు మార్పించొచ్చు" అంది మా ఆవిడ. అదీ నిజమే. ఇద్దరం ఒక హద్దు పెట్టుకున్నాం, ఆ లోపలే వెతికాను.

మొదట కార్వెట్ చూశాను. 2020 మోడల్ నుంచి దాని ఇంజను సీట్ల వెనక్కి వచ్చింది. 6.2 లీటర్ల వి8. బండి అద్భుతం. కానీ అక్కడి వరసలో అలాంటివి నాలుగైదు ఉంటాయి, ఐదో దాని దగ్గర ఎవరాగుతారు? లోటస్ ఎలీజ్ టన్ను కూడా బరువుండదు. దాని వెడల్పాటి గుమ్మం దాటి లోపల కూర్చునేసరికి నా మోకాళ్లు మొరాయించాయి.

చివరికి డెలోరియన్ దగ్గర ఆగాను. 1981–83 మధ్య బెల్‌ఫాస్ట్ పక్కన సుమారు 9,000 మాత్రమే తయారయ్యాయి. 'బ్యాక్ టు ది ఫ్యూచర్' సినిమాలో కాలంలో తిరిగే కారు ఇదే. దీనికి రంగు లేదు. ఒళ్లంతా 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు, మన వంటింటి గిన్నెలకు వాడేదే. పిల్లలు ముట్టుకుంటే వేలిముద్రలు పడతాయి, తుడుచుకోవడమే. వేగం సంగతి అడక్కండి, 130 హార్స్‌పవరు. సినిమాలో అది 88 మైళ్ల వేగం అందుకోవాలి. అప్పటి అమెరికా నిబంధన వల్ల అసలు కారు మీటరులో అంకెలు 85 దగ్గరే ఆగిపోతాయి!

జనాన్ని పోగు చేసేవి తలుపులు. రెక్కల్లా పైకి లేస్తాయి. ఆ బరువును చాలావరకు మోసేది పైకప్పులోని మెలితిప్పిన ఉక్కు కడ్డీ. దాన్ని ద్రవ నైట్రోజన్‌లో చల్లబరిచి తయారుచేశారు. ఫిజిక్స్ మాష్టారు ఇక్కడే ఉన్నారు. సార్, తలుపు తీసినప్పుడల్లా ఎవరో ఒకరు "ఎలా లేస్తుంది" అని అడుగుతారు. మీ స్థితిస్థాపకత పాఠమే ఇంగ్లీషులో అప్పజెబుతున్నాను.

అక్కడ ఉంటూ ఇలాంటిది కొనాలనుకునేవాళ్లకు రెండు మాటలు. కాలిఫోర్నియాలో ఈ వయసు కారుకు కూడా రెండేళ్లకోసారి పొగ పరీక్ష తప్పదు. పాసైన కాగితం చూశాకే బేరమాడండి. స్టీలు ఒంటికి తుప్పు పట్టదు గానీ కింది చట్రానికి పడుతుంది. నడుం నొప్పి అనకుండా వంగి, టార్చి వేసి చూడండి. విడిభాగాలు టెక్సాస్ నుంచి వస్తాయి.

ఒక రిటైరైన వెల్డరు, ఆయన మనవడు ఇప్పుడు ప్రతి ఆదివారం నా కారు పక్కనే మడత కుర్చీలు వేసుకుంటున్నారు. మా ఆవిడ ఫ్లాస్కులో టీ పంపుతోంది, ముగ్గురికీ సరిపడా.

మీలో ఎవరైనా మా వైపు వస్తే ఆదివారం ఆరున్నరకల్లా తయారుగా ఉండండి. లోపల రెండే సీట్లు, కాబట్టి ఒక్కొక్కరుగా రండి. దిగేటప్పుడు తల జాగ్రత్త.