ఎన్నికల వేళ పుస్తకాలు

(రెజైనాలో తెలుగువారి సాహిత్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సాహిత్య సభలో రాజకీయాలేమిటని పెద్దలు కొందరు ముందే చమత్కరించారు. నేను మాట్లాడబోయేది పుస్తకాల గురించేనండీ. కాకపోతే ఎన్నికల ముందు పుట్టే పుస్తకాల గురించి. అమెరికాలో నాలుగేళ్ళకోసారి అధ్యక్ష ఎన్నికలు వస్తాయి. వాటి వెంటే, తొలకరికి పుట్టగొడుగుల్లా, పుస్తకాలూ వస్తాయి. కొన్ని అభ్యర్థిని ఆకాశానికెత్తేవి, కొన్ని పాతాళానికి తొక్కేవి.

మనకక్కడ ఓటు లేదు కదా, ఆ గోల మనకెందుకు అంటారా? రెజైనా నుంచి ఆరో నంబరు రహదారి పట్టుకొని దక్షిణానికి వెళితే రెండు గంటల్లో సరిహద్దు. దాని అవతల మన అన్నదమ్ములున్నారు, ఆడపడుచులున్నారు, వియ్యంకులున్నారు. అక్కడ ఎవరు గెలిస్తే ఇక్కడ ఏమవుతుందో 2025లో సుంకాల గొడవ మొదలైనప్పుడు మనందరికీ తెలిసొచ్చింది. అన్నిటికీ మించి, ఒకే పంక్తిలో కూర్చొని పులిహోర తిన్నవాళ్ళు ఎన్నికల తర్వాత ఒకరి ఇంటికొకరు వెళ్ళడం మానుకోవడం మనం చూస్తూనే ఉన్నాం.

2024 ఎన్నికలనే తీసుకోండి. జులైలో రిపబ్లికన్ పార్టీ జె.డి. వాన్స్‌ను ఉపాధ్యక్ష అభ్యర్థిగా ప్రకటించింది. ఆయన భార్య ఉషా చిలుకూరి మన తెలుగింటి ఆడపడుచు. తణుకు దగ్గరి వడ్లూరులో సంబరాలు జరిగాయి. వాన్స్‌ను దేశానికి పరిచయం చేసింది మొదట రాజకీయం కాదు, 2016లో వచ్చిన ‘హిల్‌బిల్లీ ఎలిజీ’ అనే పుస్తకం. ఒహాయోలో పెరిగిన తీరు, కెంటకీ కొండల నుంచి వచ్చిన తన కుటుంబం పేదరికం, మత్తుమందుల బాధ అందులో రాసుకున్నారు. ట్రంప్ మొదటిసారి గెలిచిన ఏడాది అది. ఆయనకు ఓటేసినవాళ్ళను అర్థం చేసుకోవాలని చాలామంది ఆ పుస్తకమే కొన్నారు. అప్పట్లో వాన్స్ ట్రంప్‌ను విమర్శించేవారన్నది వేరే సంగతి.

అయితే ఆ కొండప్రాంతాలవాళ్ళలోనే చాలామందికి ఆ పుస్తకం నచ్చలేదు. ఒక కుటుంబం కథను మొత్తం జనం కథగా చెప్పారనీ, పేదరికాన్ని పేదల తప్పుగానే చూపించారనీ వాళ్ళ ఫిర్యాదు. వాళ్ళేం చేశారు? పుస్తకాన్ని తగలబెట్టలేదు, నిషేధించమని కోర్టుకెళ్ళలేదు. ఎలిజబెత్ కాటె అనే చరిత్రకారిణి 2018లో జవాబుగా ఒక పుస్తకం రాశారు. 2019లో ఆ ప్రాంతపు రచయితలు, కవులు, పరిశోధకులు కలిసి ‘అపలాచియన్ రెకనింగ్’ అనే సంకలనం తెచ్చారు. వాన్స్‌ను సమర్థించే వ్యాసాలకు కూడా అందులో చోటిచ్చారు. పుస్తకానికి పుస్తకంతోనే జవాబు. నా దృష్టిలో ఇది మర్యాదైన పద్ధతి.

అన్నివేళలా ఇంత మర్యాదగా జరగదు. 2004 ఆగస్టులో ‘అన్‌ఫిట్ ఫర్ కమాండ్’ అని ఒక పుస్తకం వచ్చింది. డెమొక్రాటిక్ అభ్యర్థి జాన్ కెర్రీ వియత్నాం యుద్ధంలో పొందిన పతకాలకు అర్హుడు కాడని అందులోని ఆరోపణ. నౌకాదళం రికార్డులు, ఆయన పడవలోనే పనిచేసిన సిబ్బందిలో చాలామంది మాటలు కెర్రీకే అనుకూలంగా ఉన్నాయి. కానీ ఆయన బృందం గట్టిగా జవాబు చెప్పేసరికి రోజులు గడిచిపోయాయి. కెర్రీ ఓడిపోయారు. ఆ పుస్తకం వల్లే ఓడిపోయారని ఎవరూ తేల్చి చెప్పలేరు గానీ, ‘స్విఫ్ట్‌బోటింగ్’ అనే కొత్త క్రియాపదం మాత్రం ఇంగ్లీషులో చేరింది. ఆ పుస్తకం రాసిన ఇద్దరిలో ఒకరైన జెరోమ్ కోర్సీ 2008లో ఒబామా మీద ఇంకొకటి రాశారు. ఈసారి ఒబామా బృందం ఆలస్యం చేయలేదు. రెండు వారాల్లోనే, ఏ మాట ఎందుకు తప్పో చెబుతూ 40 పేజీల ఖండన విడుదల చేసింది.

ఒక పార్టీవాళ్ళే ఇలాంటివి రాస్తారనుకోకండి. 1999లో జార్జి బుష్ మీద ‘ఫార్చునేట్ సన్’ అనే పుస్తకం వచ్చింది. ఆయన యౌవనంలో మత్తుమందు కేసులో అరెస్టయ్యారనీ, దాన్ని కప్పిపుచ్చారనీ పేరులేని సాక్షుల మాటగా రాశారు. కొద్దిరోజులకే ఆ రచయిత గతంలో హత్యాయత్నం కుట్ర కేసులో శిక్ష పడినవాడని పత్రికలు బయటపెట్టాయి. ప్రచురణకర్తలే పుస్తకాన్ని అంగళ్ళ నుంచి వెనక్కి తెప్పించుకున్నారు.

మరి ఇలాంటి పుస్తకాలను ఎన్నికల ముందు ఆపేస్తే పోలేదా? ఈ ప్రశ్న అమెరికా సుప్రీంకోర్టులోనే వచ్చింది. హిల్లరీ క్లింటన్‌ను విమర్శిస్తూ 2008లో తీసిన ఒక చిత్రం మీద వివాదం అది, ‘సిటిజన్స్ యునైటెడ్’ కేసు. 2009 మార్చిలో వాదనలు జరుగుతుండగా న్యాయమూర్తులు ప్రభుత్వ న్యాయవాదిని అడిగారు: ఇదే చట్టం తర్కం ప్రకారం, కార్పొరేషన్ డబ్బుతో వేసిన పుస్తకాన్ని కూడా ఆపవచ్చా? ఆపవచ్చన్నట్టే ఆయన జవాబిచ్చారు. కోర్టు నివ్వెరపోయింది. కేసును మళ్ళీ వాదించమన్నారు. 2010 జనవరి 21న 5–4 తేడాతో తీర్పు వచ్చింది. ఎన్నికల ప్రచారంలో కార్పొరేషన్లు సొంతంగా పెట్టే ఖర్చుకు పరిమితి లేకుండా పోయింది. పుస్తకం బతికింది గానీ, దానితోపాటే డబ్బు సంచికి కూడా తలుపులు బార్లా తెరిచారని ఇప్పటికీ చాలామంది బాధ.

ఇక మన కెనడా దారి వేరు. ఇక్కడ పార్టీలు కానివాళ్ళు ఎన్నికల ప్రకటనలకు పెట్టే ఖర్చు మీద పరిమితి ఉంది. దాన్ని సుప్రీంకోర్టు 2004లో సమర్థించింది. కానీ ఎన్నికల చట్టం పుస్తకానికి ఒక మినహాయింపు ఇచ్చింది. రెండే షరతులు. పుస్తకాన్ని మామూలు ధరకు తక్కువ కాకుండా అమ్మాలి. ఎన్నికలు ఉన్నా లేకపోయినా వెలువడేలా తలపెట్టిన పుస్తకం అయ్యుండాలి. 2019 ఎన్నికల్లో ట్రూడోను విమర్శించే ఒక పుస్తకానికి ప్రచారంగా రెబెల్ న్యూస్ సంస్థ బోర్డులు పాతింది. 2021లో ఎన్నికల కమిషనర్ ఆ సంస్థకు 3,000 డాలర్ల జరిమానా వేశారు. పుస్తకం రాసినందుకు కాదు, అమ్మినందుకూ కాదు. ఆ బోర్డులు ఎన్నికల ప్రకటనలేననీ, అందుకు కావలసిన నమోదు లేదనీ. అది న్యాయమేనా అన్న వాదన అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

మన ఊరికీ ఇందులో పాత అనుభవం ఉంది. 1933లో సి.సి.ఎఫ్. పార్టీ తన ప్రణాళికను ఆమోదించింది ఇక్కడే. ‘రెజైనా మానిఫెస్టో’గా అది చరిత్రకెక్కింది. 1944లో టామీ డగ్లస్ నాయకత్వంలో ఆ పార్టీ ఇక్కడ అధికారంలోకి వచ్చింది. మరుసటి ఏడు దేశమంతటా ఎన్నికలు. ‘సోషల్ సూయిసైడ్’ పేరుతో సోషలిజాన్ని బూచిగా చూపించే ఒక చిన్న పుస్తకాన్ని వ్యాపారవర్గాల అండతో ఇంటింటికీ ఉచితంగా పంపారు. అయినా సస్కాచువాన్ రైతులు 21 స్థానాల్లో 18 సి.సి.ఎఫ్.కే ఇచ్చారు. పుస్తకం అందింది, కానీ దాన్ని నమ్మాలో లేదో వాళ్ళే తేల్చుకున్నారు.

మన గడ్డ మీద మాత్రం? 2014 ఏప్రిల్‌లో, సరిగ్గా పోలింగు నడుస్తుండగా, హైదరాబాదువాడైన సంజయ బారు ‘ది యాక్సిడెంటల్ ప్రైమ్ మినిస్టర్’ వెలువడింది. మన్మోహన్ సింగ్ దగ్గర మీడియా సలహాదారుగా పనిచేసిన మనిషి ఆయన. అదంతా కల్పన అని ప్రధాని కార్యాలయం కొట్టిపారేసింది, కానీ ఆపమనలేదు. 2019లో ‘లక్ష్మీస్ ఎన్.టి.ఆర్.’ సినిమా సంగతి ఇంకోలా జరిగింది. ఏప్రిల్ 11న పోలింగు. మార్చి 29న తెలంగాణలో సినిమా ఆడింది. ఆంధ్రప్రదేశ్‌లో హైకోర్టు ఆపేసింది. అంటే అక్కడి ఓటరు చూడకూడనిది పొరుగు రాష్ట్రంవాడు చూశాడన్నమాట! ఆపినదాని మీదే జనానికి ఆసక్తి పెరుగుతుందని వేరే చెప్పాలా?

కాబట్టి నేను మనవి చేసేది ఇదే. ఎన్నికల వేళ వచ్చే పుస్తకాన్ని ఆపమని అడగవద్దు. ప్రశ్నించడం మాత్రం మానవద్దు. మన చట్టంలోని ఆ రెండు షరతులనే పాఠకులుగా మనం వాడుకోవచ్చు. ఈ పుస్తకం ఎన్నికలు లేకపోయినా వచ్చేదేనా? దీన్ని నిజంగా పాఠకులే కొంటున్నారా, ఎవరైనా కొని పంచుతున్నారా? 2019లో డొనాల్డ్ ట్రంప్ జూనియర్ పుస్తకం అమ్మకాల జాబితాలో మొదటి స్థానానికి వచ్చినప్పుడు న్యూయార్క్ టైమ్స్ దాని పక్కన చిన్న కటారు గుర్తు పెట్టింది. మూటలుగా కొన్నవి అందులో ఉన్నాయని దాని అర్థం. వాళ్ళ పార్టీ సంఘమే దాదాపు 95 వేల డాలర్ల విలువైన ప్రతులు కొన్నదని తర్వాత లెక్కల్లో తేలింది. ఈ రెంటికీ నేను మూడో ప్రశ్న కలుపుతాను: చెప్పిన సాక్షికి పేరుందా, చూపిన కాగితం మనం వెతికితే దొరుకుతుందా?

నాలుగోది ప్రశ్న కాదు, నియమం. చదవని పుస్తకం మీద బంధువుతో తగువు పెట్టుకోకూడదు. వాన్స్ పుస్తకాన్ని పొగిడేవాళ్ళలోనూ, తిట్టేవాళ్ళలోనూ దాన్ని తెరిచి చూసినవాళ్ళు ఎందరు? మన పట్టణ గ్రంథాలయంలో అడిగితే డబ్బు ఖర్చు లేకుండా చదువుకోవచ్చు. దానితోపాటే దానికి జవాబుగా వచ్చిన పుస్తకాన్నీ అడగండి. రెండూ పక్కపక్కన పెట్టుకొని చదివిన మనిషి తన అభిప్రాయం మార్చుకోకపోవచ్చు. కానీ ఎదుటివాడికి ఆ అభిప్రాయం ఎందుకు కలిగిందో తెలుసుకుంటాడు. అది తెలిసినవాళ్ళు వాదించుకుంటారు గానీ రాకపోకలు మానుకోరు.

మన పిల్లలు ఇక్కడ ఓటర్లవుతున్నారు. సరిహద్దు అవతల మన అన్నదమ్ముల పిల్లలు అక్కడి ఓటర్లవుతున్నారు. ఎవరికి ఓటేయాలో మనం చెప్పినా వాళ్ళు వినరు, వినకూడదు కూడా. నచ్చని పుస్తకాన్ని ఎలా చదవాలో మాత్రం మనల్ని చూసే నేర్చుకుంటారు. మళ్ళీ ఎన్నికలొస్తాయి, మళ్ళీ పుస్తకాలొస్తాయి. అప్పటికి మన ఇళ్ళలో ఆ అలవాటు కుదిరితే చాలు.