ఓటమిని చదివిన పద్ధతి

గిడుగు వెంకట రామమూర్తి పంతులుకు తన పనిలో పెద్ద ఓటమి 1914–15లో ఎదురైంది. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో పంతులుగా చేరి, ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి, 1911లో ఉద్యోగం వదిలారు. బడి పిల్లలు పరీక్షలో వ్యాసాన్ని వాడుక తెలుగులో రాసినా చెల్లుతుందని అంతకుముందు దొరికిన వెసులుబాటును మద్రాసు ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. చదువుకున్న లోకం ఎక్కువగా అవతలి పక్షాన నిలబడింది. పంతులుగా ముప్పై ఏళ్లలో తాను తెలుసుకున్నదంతా పెట్టి వాదించిన మనిషికి ఇది సొంత ఓటమే.

ఆ వాదం మొదలైంది ఈ విశాఖ–విజయనగరం ప్రాంతంలోనే. 1906–07 ప్రాంతంలో ఉత్తర సర్కారు జిల్లాల బడుల తనిఖీ అధికారిగా వచ్చిన జె.ఎ. యేట్స్ తెలుగు నేర్చుకుంటూ ఒక చిక్కులో పడ్డాడు. పుస్తకంలో నేర్చిన తెలుగు బజారులో వినపడదు, బజారులో విన్నది పుస్తకంలో కనపడదు. ఎందుకని ఆయన అడిగిన ప్రశ్నను గట్టిగా పట్టించుకున్నవాళ్లు ముగ్గురు: విశాఖపట్నం ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరంలో గురజాడ అప్పారావు, పర్లాకిమిడిలో రామమూర్తి. మన సభ జరుగుతున్న ఈ ఆనందపురం విశాఖ నుంచి విజయనగరం వెళ్లే దారిలోనే ఉంది. తెలుగు వచనం తలరాతను మార్చిన వాదానికి ఒక కొస ఈ దారికి ఇటూ, ఇంకో కొస అటూ ఉన్నాయన్న సంగతి ఇక్కడ తలుచుకోదగినది.

ఇంతకీ బడిలో జరుగుతున్నదేమిటి? పిల్లవాడు ఇంట్లో ‘వస్తున్నాడు’ అంటాడు, పలక మీద ‘వచ్చుచున్నాఁడు’ అని రాయాలి. ‘చూచెను’ పక్కన ‘కలలు’ వస్తే ‘చూచెఁ గలలు’ కావాలి. నోట పలకని అరసున్న ఎక్కడ ఉంటుందో, మామూలు ర ఎక్కడో, బండి ఱ ఎక్కడో చెవి చెప్పదు. బట్టీ పట్టాలి. చిన్నయసూరి 1853లో ‘నీతిచంద్రిక’, 1858లో ‘బాలవ్యాకరణం’ రాశాక బడి వచనానికి అదే కొలబద్ద అయింది. సూరి సామాన్యుడు కాడు, ఆ వ్యాకరణం కట్టుదిట్టమైన శాస్త్రం. పాత కావ్యాల భాషకు కుదిరే ఆ సూత్రాలను, ఉత్తరమో అర్జీయో రాయవలసిన కుర్రవాడి మీద కూడా మోపడంతోనే చిక్కు వచ్చింది. విషయం తెలిసిన కుర్రవాడు కూడా దాన్ని రాయలేక చతికిలబడేవాడు.

వెసులుబాటు దొరికిందే తడవుగా ఎదురుగాలి వీచింది. మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు 1911లోనే ఏర్పడి ఉంది. జయంతి రామయ్య పంతులు ముందు నిలిచారు. విశాఖ రచయిత శెట్టి లక్ష్మీనరసింహం వాడుక భాషలో రాసిన గ్రీకు పురాణ కథలు పాఠ్యపుస్తకం కావడం మీద గొడవ రేగింది. సభలు జరిగాయి, అర్జీలు వెళ్లాయి. రామమూర్తి 1913లో ఆధునిక తెలుగు మీద ఇంగ్లీషులో ఒక విజ్ఞాపన పత్రం అచ్చు వేశారు. గురజాడ 1914లో తన అసమ్మతి పత్రాన్ని, అదీ ఇంగ్లీషులోనే, మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చారు. లెక్కకు, పాత పుస్తక భాషే రాయాలన్న గ్రాంథిక పక్షమే గెలిచింది. 1915 నవంబరు 30న గురజాడ చనిపోయారు. రామమూర్తికి చిన్ననాటి తోడు, విజయనగరం బడిలో కలిసి చదివినవాడు, వాదంలో కుడిభుజం అలా పోయింది.

అవతలి పక్షం మూర్ఖులదని చెప్పుకుంటే ఈ ఓటమి అర్థం కాదు. జయంతి రామయ్య శాసనాలు చదివిన పండితుడు. జిల్లాకో యాస ఉన్న భాషలో నోటిమాటను రాతకెక్కిస్తే శ్రీకాకుళం పుస్తకం నెల్లూరులో చదవగలరా అన్న ఆ పక్షం ప్రశ్న న్యాయమైన ప్రశ్న. దానికి తడుముకోకుండా చెప్పగల జవాబు వాడుక పక్షానికి అవసరమైంది. శిష్ట వ్యావహారికం అన్న మాటకు బలం వచ్చింది అక్కడే. ఏ ఒక్క ఊరి యాసా కాదు, చదువుకున్నవాళ్లు నలుగురిలో మాట్లాడే తెలుగు. ఎదిరి వేసిన ప్రశ్నతో తన వాదానికి హద్దులు గీసుకోవడం రామమూర్తి ఓటమి నుంచి రాబట్టుకున్న మొదటి లాభం.

రెండోది ఇంకా లోతైనది. మొదట్లో వాదం అధికారుల ముందు, వాళ్ల భాషలో సాగింది. అనుమతి ఇచ్చిన చేయి దాన్ని తీసేసుకోగలదని తేలిపోయాక ఆయన పండితుల ముందుకు, పాఠకుల ముందుకు తెలుగులోనే వెళ్లారు. ఆయన చేతిలోని సరుకు తప్పుల పట్టిక. గ్రాంథికమే రాయాలన్న పెద్దల పుస్తకాలు తీసి, వాళ్లు నమ్మిన వ్యాకరణం ప్రకారమే వాటిలో ఎన్ని తప్పులున్నాయో వరసగా చూపించారు. ఇది కక్షతో చేసిన పనిగా కనిపించవచ్చు, ఆ రోజుల్లో చాలామందికి అలాగే కనిపించింది. నిజానికి అది కొలత. కుర్రవాడు తప్పు రాస్తే సోమరితనం అనవచ్చు. జీవితమంతా దానికే ధారపోసిన పండితుడు కూడా అదే తప్పు రాస్తే, లోపం రాసేవాడిలో లేదు, రాయమన్న భాష ఇప్పుడు ఎవరికీ పుట్టుకతో వచ్చేది కాదన్నమాట. తప్పును నేరంగా చూసే బడిలో ముప్పై ఏళ్లు పనిచేసిన పంతులు దాన్ని ఆధారంగా చూడగలగడం చిన్న సంగతి కాదు.

ఆ చూపుకు పునాది సవర కొండల్లో పడింది. పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాషకు అప్పట్లో లిపి లేదు, చేతికి అందే వ్యాకరణం లేదు. అది ముండా కుటుంబ భాష, తెలుగుతో చుట్టరికం లేదు. గొంతు దగ్గర ఠక్కున ఆగే ధ్వని ఒకటి అందులో ఉంది, తెలుగు చెవి దాన్ని సులువుగా పట్టలేదు. ఇలాంటి భాషను నేర్చేవాడికి తన తప్పును చెప్పేది ఎదుటివాడి ముఖమే. అర్థం కాలేదంటే నేర్చేవాడే దిద్దుకోవాలి, మాట్లాడేవాణ్ని దిద్దడానికి వీల్లేదు. రామమూర్తి సవరల పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు రాశారు, బడి నడిపారు. మలేరియాకు వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోయింది. భాషను చెవితో పట్టే మనిషికి అంతకంటే పెద్ద నష్టం ఉండదు. అయినా 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువరించారు.

1919లో రాజమండ్రిలో వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. దానికి అధ్యక్షుడు కందుకూరి వీరేశలింగం. చిన్నయసూరి బాటలో వచనం మొదలుపెట్టి పేరు తెచ్చుకున్నవాడు, డెబ్బై దాటిన వయసులో తన పాత దారి పిల్లలకు సరిపడదని ఒప్పుకుని ఆ కుర్చీలో కూర్చున్నారు. ఆ మే నెల 27న ఆయన కన్నుమూశారు. అదే ఏడు రామమూర్తి ‘తెలుగు’ అనే మాసపత్రిక పెట్టారు. అది ఎక్కువ కాలం నిలవలేదు. ఈ రెండో దెబ్బ గురించి చెప్పేవాళ్లు తక్కువ. పత్రిక ఆగినా పని ఆగలేదు. పాత వచనాన్ని వెలికితీసి, వాడుక రూపాలు కొత్త పోకడ కాదనీ పూర్వం నుంచీ రాతలో ఉన్నాయనీ ‘గద్యచింతామణి’లో చూపించారు. తన శిష్యుడు తాపీ ధర్మారావు ‘జనవాణి’ పత్రికను వాడుక భాషలో నడపడం ఆయన కళ్లతో చూశారు.

ఆంధ్ర సాహిత్య పరిషత్తు 1924లో కాకినాడలో వాడుక భాష మీద తన నిషేధాన్ని ఎత్తేసింది. అంటే ఓడించిన సంస్థే తొమ్మిది పదేళ్లకు దారి విడిచింది. బడి మాత్రం అంత త్వరగా కదల్లేదు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలవడంతో ఆయన ఆ ఊరు వదిలి రాజమండ్రి చేరారు. 1940 జనవరిలో, చనిపోవడానికి వారం ముందు, మద్రాసులో పత్రికల వాళ్లను కూర్చోబెట్టుకుని వాడుక భాష గురించి మళ్లీ విజ్ఞప్తి చేశారు. 22న కన్నుమూశారు. విశ్వవిద్యాలయాల్లో పరీక్షలకూ పరిశోధనలకూ ఆ భాష చెల్లడానికి మరో ముప్పై ఏళ్లు పట్టింది.