లాడ్ బజార్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు: ఎవరిని పంపుదాం?

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు ఇప్పటికే చదివి వినిపించారు. ఇక మిగిలింది ఎజెండాలో ఆఖరి అంశం. గాజుల పని చేసే మన సంఘాల నుంచి యూరప్‌లో జరిగే వ్యాపార ప్రదర్శనకు మనుషుల్ని పంపాలా? పంపితే ఎవరిని పంపాలి?

2017 నవంబర్ 28 నుంచి 30 వరకు ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు మన హైదరాబాద్‌లోనే జరిగింది. ఆ ఏడాది నినాదమే 'ముందు మహిళ' అని. విందు మన పాతబస్తీలోని ఫలక్‌నుమా ప్యాలెస్‌లో ఇచ్చారు. ఆ తర్వాతి సదస్సు 2019లో నెదర్లాండ్స్‌లోని ద హేగ్ నగరంలో పెట్టారు. మన గల్లీల్లో కుంపటి ముందు కూర్చుని నగీనాలు అతికే ఆడవాళ్లకు మాత్రం ఆ మూడు రోజులు ట్రాఫిక్ ఆపిన రోజులుగానే గుర్తున్నాయి. ప్రపంచం మన గడప దాకా వచ్చినా, మనం తయారుగా లేకపోతే వచ్చిన దారినే పోతుంది. కాబట్టి వెళ్లేముందు ఇంటి దగ్గరే తేల్చుకోవాల్సినవి ఉన్నాయి.

మేము అనుకుంటున్నది జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్. అక్కడి సంత చాలా పాతది. 1240లోనే చక్రవర్తి రెండో ఫ్రెడరిక్, ఆ సంతకు వచ్చే వ్యాపారుల ప్రయాణానికి తన రక్షణ ఉంటుందని ఫర్మానా ఇచ్చాడు. మన హైదరాబాద్ కట్టింది 1591లో. అంటే మన చార్మినార్ కంటే 350 ఏళ్ల ముందు మాట. ఇప్పుడు అక్కడ 'అంబియెంటే' అనే గృహాలంకరణ, కానుకల వస్తువుల ప్రదర్శన ఏటా జరుగుతుంది. హస్తకళల ఎగుమతి ప్రోత్సాహక మండలి మన దేశపు ఎగుమతిదారులను అలాంటి వాటికి తీసుకెళ్తుంటుంది.

ఒక విషయం బాగా గుర్తుపెట్టుకోవాలి. అది మన నుమాయిష్ లాంటిది కాదు. జత గాజులు చూపించి, బేరమాడి అమ్మేది ఉండదు. అక్కడికి వచ్చేది దుకాణాల వాళ్లు, టోకు వ్యాపారులు. వాళ్లు ఆర్డరు ఇస్తారు. ఎన్ని జతలు, ఎన్ని రోజుల్లో, ఎంతకు అని అడుగుతారు. అక్కడికక్కడే జవాబు చెప్పాలి. ఇంకో చిక్కు, అది జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వస్తుంది. ఇక్కడ నుమాయిష్ నడిచే రోజులు, ఈమధ్య ఏళ్లలో రంజాన్ పని ఊపందుకునే రోజులు కూడా అవే.

ఖర్చు సంగతి. షెంజెన్ వీసా ఫీజు 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. పాస్‌పోర్టులో పేరు ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉన్నవాళ్లు ఇప్పుడే సరిచేయించుకోవాలి. నమూనాలు తీసుకెళ్లి తిరిగి తెచ్చుకోవాలంటే 'ఏటీఏ కార్నే' అనే కాగితం ఉంటుంది, మన దేశంలో ఫిక్కీ ఇస్తుంది. అది ఉంటే అక్కడ సుంకం కట్టే పని లేదు.

సరుకు సంగతి ఇంకా ముఖ్యం. యూరప్ నిబంధనల ప్రకారం ఆభరణంలో ఏ భాగంలోనైనా సీసం బరువులో 0.05 శాతానికి చేరితే అమ్మకానికి పనికిరాదు. కాడ్మియానికి కూడా హద్దు ఉంది. లక్క మనదే అయినా లోపలి లోహపు కడియం, రంగు, మెరుపు బయట కొనేవే. అందుకే ముందుగా ల్యాబ్ పరీక్ష చేయించాలి. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు జీఐ గుర్తింపు వచ్చింది, సంతోషం. కానీ అధీకృత వినియోగదారులుగా పేరు నమోదు చేసుకున్నవాళ్లే ఆ గుర్తు వాడుకోవచ్చు. మన సంఘాల్లో పనిచేసే ప్రతి చేయి ఆ జాబితాలోకి ఎక్కాలి.

ఇక ఎవరు వెళ్లాలి? ఇంగ్లీషు వచ్చినవాళ్లనే పంపుదాం అని కొందరు సభ్యులు అన్నారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. కానీ కొనేవాడు "ఈ సైజులో, ఈ రంగులో నెలకు ఎన్ని చేస్తారు?" అంటే కుంపటి ముందు కూర్చున్న మనిషికే నిజం తెలుసు. తెలియని మనిషి ఒప్పుకొని వస్తే, ఇక్కడ రాత్రింబవళ్లు మేలుకునేది, కూలి తగ్గించుకునేది మన ఆడవాళ్లే.

అందుకే కార్యవర్గం మూడు తీర్మానాలు మీ ముందు పెడుతోంది. వెళ్లే ఇద్దరిలో ఒకరు తప్పకుండా గాజు చేసే మనిషే కావాలి. జతకు ఎంత కూలి పడాలో ముందే లెక్కగట్టి, ఆ ధరకు తక్కువగా ఏ ఆర్డరూ ఒప్పుకోకూడదు. ఖర్చు సమాఖ్య నిధి నుంచే పెట్టాలి. వెళ్లే ఆమె పేరు మీద అప్పు రాయకూడదు.

పాత రోజుల్లో దారి రక్షణ చక్రవర్తి ఇచ్చాడు. మన మనిషికి ఆ రక్షణ మన సంఘమే ఇవ్వాలి. ఒప్పుకునేవాళ్లు చేతులు ఎత్తండి. అభ్యంతరం ఉన్నవాళ్లు కూడా లేచి చెప్పండి, అదీ మినిట్స్ పుస్తకంలో రాస్తాం.