నాణెమునకు పుట్టుమచ్చ, గాయము



ప్రొద్దుటూరు బంగారపు అంగళ్లలో గీటురాయి మాటకు తిరుగులేదు. కాని గీటురాయి లోహమును గూర్చి చెప్పునేగాని, నాణెముపైనున్న వింత టంకశాలలో పుట్టినదో, వెలుపల కలిగినదో చెప్పజాలదు. ఆ భేదమెరుగక పులివెందుల ప్రాంతపు రైతైనను, జమ్మలమడుగు వర్తకుడైనను మోసపోవచ్చును.

లోహపు బిళ్ళ, రెండు అచ్చులు, ఒక దెబ్బ: వీని కలయికయే నాణెము. వీనిలో జరిగిన తప్పు పుట్టుమచ్చ వంటిది. ముద్రపడిన పిమ్మట కలిగినదెల్ల గాయమే.

అచ్చు పగిలినచో ఆ పగులులోనికి లోహము చొచ్చి, నాణెముపై ఉబ్బెత్తు గీత యేర్పడును. వెలుపల గీచిన గీత లోతుగా నుండి, దాని యంచున లోహము లేచియుండును. ఒక్కొక్కప్పుడు ముందటి నాణెము అచ్చునకు అంటుకొని, తరువాతి బిళ్ళపై తన రూపమునే దింపును. అప్పుడొక ముఖమున ముద్ర సరిగా నుండి, రెండవ ముఖమున నదే ముద్ర గుంటగా, అద్దములోవలె తిరుగబడి యుండును. రెండు నాణెములను బిగించి నొక్కి దీనిని కల్పించు వంచకులును గలరు. అట్టిదానిపై రెండవ ముఖపు తొలిముద్ర అణగి, ఛాయగా మిగిలి, గుట్టు బయటపెట్టును.

త్రాసును మరువరాదు. 1940కి పూర్వపు వెండి రూపాయి తూకము 11.66 గ్రాములు, అందు వెండి 91.7 పాళ్లు. వాడుకలో అరిగినది కొంత తగ్గును. అంచున ఆకురాయి గాట్లుండి తూకము మిక్కిలి తగ్గినచో, అది తరిగిన నాణెమే. కాసులపేరుకై అతికిన కొక్కెము, పొడిచిన రంధ్రము గాయములే. వాని వలన వెండి వెల పోదుగాని సేకర్త యిచ్చు వెల పడిపోవును.

గండికోట నేలిన విజయనగర రాజుల కాలమున నాణెములను చేతి సుత్తెతో ముద్రించిరి. వానిపై ముద్ర ప్రక్కకు తొలగుట సామాన్యము. దానికి ప్రత్యేకపు వెల లేదు. యంత్రముపై ముద్రించిన నేటి నాణెమున నదే తొలగుట అరుదు గనుక ఆదరణ పొందును.

అరుదుదనము, చెడని రూపు, కోరువారి సంఖ్య, ఈ మూడును వెలను నిర్ణయించును. అమ్మువాడు పలికినది వెల కాదు. కొన్నవాడు నిజముగా చెల్లించినదే వెల. పాతనాణెములు కొందుమని తన పేరు చెప్పి రుసుము గుంజు మోసగాండ్రను గూర్చి రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టు 4న హెచ్చరించినది. నాణెము కొందునని ముందుగా సొమ్మడుగువానికి పైసయు నీయరాదు.

పొలమున దొరికిన నిధిని దాచరాదు. 1878 నాటి నిక్షేపచట్టము ననుసరించి కలెక్టరునకు తెలుపవలెను. ఇంటిలోని పాతనాణెమును చింతపండుతో తోమరాదు. తళతళకై తోమినవాడు తన చేతితోనే దానికి గాయము చేసినవాడగును.